అవస్థ నూనె

జోజిపాళెం ఉపదేశి రాయప్పకు పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా జాలిగా అన్నారో, ఆయన అంతెత్తున లేస్తాడు. "నాకేం తక్కువప్పా? ఇంతమంది సాములను సాకి పెద్ద చేసి పంపినా" అంటాడు. అందులో అబద్ధం లేదు. సిరుగుప్ప నుంచి దేశనూరు వైపు పోతే, కాలువ కింద వరిమళ్ల నడుమ ఉండే ఆ చిన్న కతోలిక ఊరికి బిషప్పు పీఠంవాళ్లు తల నెరిసిన ఫాదరును ఏనాడూ పంపలేదు. కొత్తగా గురుపట్టం అందుకున్నవాళ్లనే పంపుతారు. సెమినరీలో ఏళ్ల తరబడి చదివి, బిషప్పుగారి చేతుల మీదుగా పట్టం పుచ్చుకుని, జనం ముద్దు పెట్టుకున్న అరచేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక బిక్కమొహంతో బస్సు దిగే కుర్రవాళ్లు వాళ్లు. రాయప్ప చేతిలో పెడితే విచారణ, అంటే ఒక ఫాదరు కిందుండే ఊరి బాగోగులు, నడపడం నేర్పి పంపుతాడని బళ్లారిలో పెద్ద ఫాదర్లకు గట్టి నమ్మకం.

ఉపదేశి అంటే జీతగాడూ కాదు, సామీ కాదు. ఫాదరు లేనినాడు గుడిలో ప్రార్థన నడిపేది ఆయనే, పిల్లలకు జపాలు నేర్పేది ఆయనే, చావు ఇంట్లో ముందుగా మోకరించేదీ ఆయనే. కొత్త సామి వచ్చిన మొదటి నెలంతా రాయప్ప అతని వెంట ఇంటింటికీ తిరుగుతాడు. గడప తొక్కే ముందు చెవిలో ఒక మాట వేస్తాడు: ఈ ఇంట్లో అన్నదమ్ములకు మాటల్లేవు, ఆ ఇంట్లో కాఫీ వద్దంటే నొచ్చుకుంటారు. నలుగురిలో తప్పు పట్టడు. దానికి బదులు దగ్గుతాడు. ప్రసంగంలో ఫాదరు అడ్డదారి పట్టాడనుకోండి, ముందు వరసలోంచి ఒక దగ్గు వినిపిస్తుంది. ఒక ఫాదరు పండగ ఊరేగింపులో డప్పులు మాన్పించేస్తానని బలిపీఠం మెట్ల మీద నిలబడి అనబోయాడు. రాయప్ప అంత పెద్ద దగ్గు దగ్గితే, ఆయన అక్కడే ఆమెన్ అని కూర్చున్నాడు. ఊరు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

ఇలా దగ్గించుకున్న ఫాదర్లందరూ రెండేళ్లకో మూడేళ్లకో బదిలీ మీద పోయేనాటికి జాగ్రత్తపరులైపోయేవారు. ఎవర్నీ నొప్పించరు, ఏదీ మార్చరు. నిజం చెప్పాలంటే అందరూ చిన్న చిన్న రాయప్పలై పోయేవారు. ఆయనకు అది గర్వంగానే ఉండేది.

జీవన్ ఫాదరు వచ్చిన మొదటి ఆదివారమే ఆ దగ్గుకు విరుగుడు దొరికింది. ప్రసంగం మధ్యలో రాయప్ప దగ్గగానే ఆయన ఆగి, "ఏంది ఉపదేశీ, తప్పేమన్నా చెప్తినా?" అని అందరి ముందే అడిగేశాడు. గుడంతా గొల్లుమంది. రాయప్పకు చెవులు ఎర్రబడ్డాయి. ఆ పూట మధ్యాహ్నం జీవన్ తనే నడుచుకుంటూ ఆయన గుడిసెకు వచ్చి, చాప మీద కూర్చుని, జొన్నరొట్టె పెట్టించుకుని తిన్నాడు. బళ్లారి కంటోన్మెంట్‌లో పుట్టి పెరిగినవాడు. వాళ్ల నాయన మోటార్లకు కాయిల్ చుడతాడట. "మా నాయన కూడా మీ మాదిరే ఉపదేశీ, తప్పు చేస్తే తిట్టడు, స్క్రూడ్రైవర్‌తో బల్ల మీద టక్‌మని కొడతాడు. దానికంటే తిడితేనే మేలు. మీరు నన్ను తిట్టండి" అన్నాడు. భార్య పోయిన నాటి నుంచి ఒంటరిగా తింటున్న రాయప్ప ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ కాల్చాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరివాళ్లు కొత్త సాముల్ని వెనక నుంచి ఎగతాళి చేస్తారు. జీవన్ హుషారు మాత్రం ఒక్కదాని మీదే నిలిచింది, అవస్థ నూనె మీద. జబ్బు చేసినవాడి నుదుటికీ అరచేతులకూ ఫాదరు రాసి ప్రార్థించే పవిత్ర తైలం అది. వెనకటి రోజుల్లో ప్రాణం పోయే ముందు మాత్రమే రాసేవారు. ఆ పద్ధతి మారి చాలా కాలమైంది. జబ్బు నయం కావాలని, మనిషికి ధైర్యం రావాలని రాస్తున్నారిప్పుడు. బళ్లారిలో మారింది, సెమినరీలో మారింది, జోజిపాళెంలో మాత్రం మారలేదు. నూనె పడిందంటే మనిషి మనవాడు కాడని అక్కడి లెక్క. మంచం మీంచి దించి నేల మీద చాప వేసి పడుకోబెడతారు. తలాపున కొవ్వొత్తి వెలిగిస్తారు. గడప దాటనివ్వరు.

ఆ ఊరి గుడి యేసును సాకిన జోజప్పగారిది, మంచి మరణం ఇప్పించే పునీతుడిది. బుధవారం బుధవారం ఊరంతా మోకరించి అడిగేది ఒకటే. ఎక్కడో దారిలో దిక్కులేని చావు కాకుండా, సొంత గడప లోపల, నూనె పడి, జపాలు వింటూ కన్నుమూయాలని. బతుకు ఎలాగూ బాగాలేదు, చావైనా బాగుండాలని అడగడంలో తప్పేముంది?

దాంతో ఏమయ్యేదంటే, ఫాదరు వీధిలోకి వస్తున్నాడంటే జ్వరంతో ఉన్నవాణ్ణి లోపలి గదిలోకి మార్చి తలుపు దగ్గరికి వేసేవారు. జీవన్ ఇది రెండుమూడు ఇళ్లలో గమనించాడు. "నేను పోతే ధైర్యం రావల్ల గానీ, నన్ను చూసి సస్తామని దాంకుంటే ఎట్ల ఉపదేశీ? ఈ భయం మనం తీయల్ల" అన్నాడు.

వేరే ఫాదరు అయ్యుంటే రాయప్ప దగ్గేవాడు. ఈసారి దగ్గలేదు. ఇంతమందిని అడ్డుకున్నాను, ఒక్కడి పక్కన నిలబడి చూద్దామనిపించింది ఆయనకు. ఇంటింటికీ తిరిగి తన నోటితో చెప్పాడు. "ఇది సావు నూనె గాదమ్మా, బాగుచేసే నూనె. సామి చెప్తే నమ్మరు, నేను చెప్తాండా కదా?" రాయప్ప మాట మీద ఊరికి గురి ఎక్కువ. మోకాళ్ల నొప్పులతో మూలనపడ్డ ఒక ముసలాయన ముందుకొచ్చి నూనె రాయించుకున్నాడు. మరునాడు అతను హోటల్ బెంచీ మీద కూర్చుని టీ తాగుతుంటే జనం వచ్చి వింతగా చూసి పోయారు. ఒకరిద్దరు తలుపులు తెరిచారు. జీవన్ మొహంలో వెలుగు చూసి రాయప్పకు కడుపు నిండింది. అయితే నోటితో అంత తేలిగ్గా అన్న మాట, ఒక్కడే పడుకున్నప్పుడు తనకు తాను చెప్పుకోబోతే గొంతు దిగేది కాదు. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు.

వానలు పడ్డాక అంతోనికి జ్వరం వచ్చింది. శివన్న రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీ, నడివయసు కూడా రాని మనిషి. సిరుగుప్పలో డాక్టరు రక్తం చూసి, కణాలు పడిపోతున్నాయి, రేపు పొద్దున్నే బళ్లారి పెద్దాసుపత్రిలో చేర్చండి, చేరిస్తే భయం లేదు అన్నాడు. జీవన్ మిల్లుకు పోయి శివన్నతో మాట్లాడి, మర్నాడు పొద్దున టెంపో వచ్చేట్టు ఏర్పాటు చేశాడు. మధ్యాహ్నం రాయప్పను వెంటబెట్టుకుని ఆ ఇంటికి పోయాడు. "నూనె పెట్టండి సామీ, నాకేం భయం ల్యా" అన్నాడు అంతోని, మంచం మీదే లేచి కూర్చుని. జీవన్ నుదుటికీ చేతులకూ రాసి ప్రార్థించాడు. అంతోని తల్లి శౌరమ్మ స్తంభానికి ఆనుకుని కళ్లు తుడుచుకుంది. భార్య సౌందర్య మాత్రం అప్పుడే బళ్లారికి బట్టలు సంచిలో సర్దుతోంది.

ఆ సాయంత్రమే జీవన్ కంటోన్మెంట్‌కు పోవాలి. కొత్త ఫాదర్లందర్నీ పిలిచి, విచారణను నడిపించడం ఎలాగో పెద్దలు చెప్పే తరగతులవి. బస్సెక్కుతూ, "పొద్దున టెంపో ఎక్కించేది మీ పూచీ ఉపదేశీ" అన్నాడు.

"మీరు నిశ్చింతగా పోండి సామీ. నేనుండా కదా."

దీపాల వేళకు రాయప్ప శౌరమ్మ ఇంటికి పోయాడు. వాకిలి నిండా చెప్పులున్నాయి. పొద్దు వాలేసరికి జ్వరం ఎక్కువై అంతోని పలవరించాడట. అంతే, బంధువులు దిగిపోయారు. మంచం గోడకు నిలబెట్టి ఉంది. అంతోని చాప మీద ఉన్నాడు. తలాపున కొవ్వొత్తి వెలుగుతోంది. "ఉపదేశి వచ్చినాడు, జరగండి" అని ఎవరో అంటే జనం రెండుగా చీలి దారి ఇచ్చారు.

సౌందర్య సంచి గుండెకు హత్తుకుని గోడవారన నిలబడి ఉంది. "తాతా, నువ్వన్నా చెప్పు వీళ్లకు. పొద్దున బళ్లారికి పోవల్ల గదా. మంచమ్మీద పండుకోబెట్టమను" అంది.

రాయప్ప నోరు తెరిచాడు. చెప్పాలనే తెరిచాడు. ఎదురుగా నేల మీద మనిషి, కొవ్వొత్తి, తన మొహంలోకే చూస్తున్న ఇంతమంది కళ్లు. ఆ చూపుల ముందు ఆయన నలభై ఏళ్లుగా చేసింది ఒక్కటే. తన భార్యను మంచం మీంచి దించిననాడు కూడా చేసింది అదే. మోకాళ్లు వాటంతటవే వంగాయి. తెరిచిన నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"పునీత జోజప్పగారా..."

"మా కొరకు వేడుకొనండి" అంది ఇల్లంతా ఒక్క గొంతుతో.

కంచే చేను మేసిందంటే ఇదే. ఇది చావు నూనె కాదని ఇంటింటికీ చెప్పిన మనిషే చచ్చేవాడి జపం ఎత్తుకుంటే, ఇంక ఎవరికి అనుమానం ఉంటుంది? శౌరమ్మ నిబ్బరంగా కొడుకు చేతిలో జపమాల చుట్టింది. సౌందర్య సంచి కింద పెట్టేసింది.

పొద్దున టెంపో వచ్చి హారన్ కొట్టింది. శౌరమ్మ బయటికి వచ్చి, "నూనె పడినోణ్ణి గడప దాటిస్తామా నాయనా? దారిలో పోతే ఆ పాపం ఎవురికి? పో, శివన్నకు చెప్పు" అంది. సౌందర్య వచ్చి రాయప్ప కాళ్లు పట్టుకుంది. అప్పుడైనా ఆయన ఒక్క మాట అంటే చాలు, బండి ఎక్కించి ఉండేవారు. ఎక్కించమంటే మరి ఇప్పటిదాకా చదివిన జపాలకు అర్థమేమిటి? ఉపదేశికి మతి పోయిందనరా? పరువు పోతుందని ఇంత చిన్న కారణానికి నోరు పెగలదా అని మీరడగొచ్చు. పెగలలేదు. "పెద్దామె మాట కాదని నేనేం చెప్పేదమ్మా" అని నీళ్లు నమిలాడు. టెంపో ఖాళీగా వెనక్కి పోయింది.

తరగతుల మధ్య విరామంలో జీవన్ ఫోన్ చేశాడు. "పోయినారా ఉపదేశీ?"

"పోతాండారు సామీ" అన్నాడు రాయప్ప.

మరునాడు అంతోని పోయాడు.

కబురంది జీవన్ పరుగున వచ్చాడు. సమాధి దగ్గర ప్రార్థన తనే చదివాడు. జనం తిట్టి ఉంటే అతను తట్టుకునేవాడేమో. తిట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి చేతులు ముద్దు పెట్టుకున్నారు. "ఎంత మంచి సావు సామీ! మీరు నూనె పెట్టి పంపిస్తిరి, సుఖంగా పోయినాడు" అన్నారు. శౌరమ్మ ఆ రెండు అరచేతులూ తన కళ్లకు అద్దుకుని వదల్లేదు. ఆ చేతుల్ని జీవన్ తనవి కానట్టు చూసుకోవడం రాయప్ప చూశాడు. నేనే చేశానని చెప్పడానికి అప్పుడు మొహం చెల్లలేదు.

ఆ తర్వాత వీధిలో తెరుచుకున్న రెండుమూడు తలుపులూ మూసుకున్నాయి. జ్వరం వచ్చినవాళ్లను మళ్లీ దాచారు. అదే సమయంలో కొత్త రకం పిలుపులు మొదలయ్యాయి. కెంచనగుడ్డ నుంచి ఒకామె వచ్చి, "మా అత్తకు పానం పోక నానా యాతన పడ్తాండాది సామీ. మీ చెయ్యి మంచిదంట. వచ్చి నూనె పెడితే బిన్నా, ఈ పొద్దే పోతాది" అని చేతులు జోడించింది. పిలిస్తే పోకతప్పదు, జీవన్ పోయాడు. ముసలమ్మ ఆ పూటే కన్నుమూసింది. తిరిగొచ్చి ఫాదరు బంగళా వెనక తొట్టి దగ్గర సబ్బుతో చేతులు కడుగుతూనే ఉన్నాడు. చాలని రాయప్ప అంటే గానీ ఆపలేదు.

ఇంటింటికీ తిరగడం మానేశాడు. పూజ చిన్న గొంతుతో ముగించేవాడు. రొట్టె తినడానికి రమ్మంటే ఆకలి లేదనేవాడు. చివరికి ఒకనాడు, "పీఠానికి చెప్పేసినా ఉపదేశీ. ఈ ఆదివారం పూజ చేసి పోతా" అన్నాడు.

"ఏ ఊరికి సామీ?"

"ఊరికి గాదు. ఇంటికి. మా నాయన దగ్గర కాయిల్ చుడతా."

బదిలీ కాదు, పట్టమే వదిలేస్తున్నాడు. పట్టం పొంది ఏడాదైనా నిండని పిల్లవాడు. ఆ రోజంతా ఆయన గుడిలో ఒక్కడే కూర్చున్నాడు. పరువు పోతే పోయింది, ఊరంతటి ముందు నిజం చెప్పేస్తే ఈ పిల్లవాడు నిలబడతాడు అనుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పట్టుకోకుండా ఎలా ఉంటాడు?

ఆదివారం పూజ అయ్యాక లేచి, బలిపీఠం ముందుకు పోయి జనం వైపు తిరిగాడు.

"అంతోని పోయింది నూనెతో గాదు. నాతో. సామి బాగుచేయడానికి పెట్టినాడు. ఆస్పత్రికి పంపమని నాకు అప్పజెప్పినాడు. నేను వచ్చి సావు జపం ఎత్తుకుంటి. బండిని వాపసు పోనిస్తి. సామికి అబద్ధం చెప్తి. తీసకపోయింటే వాడు బతికుంటుండె. పాపం నాది, సామిది గాదు. సామి నూనె అంటే భయపడొద్దండి."

రాళ్లు విసిరినా పడటానికి సిద్ధపడే నిలబడ్డాడు. మొదట లేచింది శౌరమ్మ.

"ఏం మాట్లాడ్తాండావు రాయప్పా? ఆస్పత్రిలో సచ్చింటే మూట కట్టి ఇస్తుండిరి. నువ్వు రాబట్టి గదా నా కొడుకు జపాలు వింటా పోయినాడు. నీ రుణం నేను తీర్చుకోలేను నాయనా" అని అక్కణ్ణుంచే దండం పెట్టింది.

"హౌదు మళ్ల" అని తలలూపారు ముసలివాళ్లు. ఉపదేశి ఎంత మెత్తని మనిషి, చేసిన మేలును కూడా తప్పంటున్నాడని ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. వెనక వరసలోంచి సౌందర్య ఒక్కతే లేచి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి పోయింది. ఆమె పోవడం రాయప్ప చూశాడు, బలిపీఠం దగ్గర నిలబడ్డ జీవనూ చూశాడు.

పూజ బట్టలు మార్చుకునే గదిలోకి జీవన్ వెనకే రాయప్ప పోయాడు. "చెప్పేసినా సామీ. ఇప్పుడన్నా ఉండండి. తప్పు మీది గాదని మీకు తెల్సిపాయ గదా."

జీవన్ నడికట్టు విప్పి మడత పెడుతున్నాడు. "నాకు అప్పుడే తెల్సు ఉపదేశీ. పాతిపెట్టిన దినమే సౌందర్య వచ్చి చెప్పింది."

"మరి నన్ను ఒగ మాట అనకపోతిరే" అన్నాడు రాయప్ప.

"ఏమనాల? జనం నమ్మల్యాదని నాకు బాధ ల్యా. వాళ్లకు టైం పడ్తాదని తెల్సు. మీరు నా పక్కన నిలబడి ఇంటింటికీ చెప్తిరి. నమ్మే చెప్తాండారని అనుకుంటి. మీలోపలే ఆ నమ్మకం ల్యాదంటే నాలోపల మాత్రం ఉండాదా అని ఆ దినం నుంచి నన్ను నేనే అడుగుతాండా. ఇప్పుడు నూనె డబ్బీ మూత తీస్తే నాకూ సావే కనపడ్తాది ఉపదేశీ. మీకు కనపడినట్లే."

అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే రాయప్ప కాళ్ల మీద పడి బతిమాలుకునేవాడు. ఇంతమంది సాములకు నేర్పిన మనిషి, ఈ ఒక్కడికి ఏమీ నేర్పకుండా పక్కన నిలబడదామనుకున్నాడు. తన లోపల ఉన్న భయాన్నే వాడికి అంటించాడు. ఆ సంగతి ఆయనకు అక్కడ, ఆ గదిలో అర్థమైంది. అర్థమయ్యాక చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

మధ్యాహ్నం బస్సు దగ్గరికి ఊరిలో కొందరు వచ్చారు. జీవన్ తెల్లంగీ వేసుకోలేదు, మామూలు గళ్ల చొక్కాలో ఉన్నాడు. బస్సు కనపడగానే రాయప్ప దారి మీదే, అంత మట్టిలో మోకరించాడు.

"పోతాపోతా ఒగ ఆశీర్వాదం ఇచ్చిపోండి సామీ."

జీవన్ కుడిచెయ్యి గుండె దాకా లేచి అక్కడే ఆగిపోయింది. దాన్ని దించేసి, వంగి రాయప్పను రెండు భుజాలూ పట్టి లేపాడు.

"వద్దు ఉపదేశీ. మీకేమన్నా అయితే నేను తట్టుకోలేను."

బ్యాగు ఎత్తుకుని బస్సెక్కాడు. కిటికీ దగ్గర కూర్చున్నా వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు మలుపు తిరిగాక, స్టాపు దగ్గర బజ్జీలు వేసే హంపమ్మ రాయప్ప దగ్గరికి వచ్చింది. "ఇంగ కొత్త సామి ఎప్పుడొస్తాడప్పా?" అని అడిగింది.

"ఎవురూ రాకుంటేనే మేలు" అన్నాడు రాయప్ప.